సమస్యాపూరణం: లోయ యొక్కటి తలుపయ్యె లోకమునకు

నిర్వాహకులు: మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

లోయ యొక్కటి తలుపయ్యె లోకమునకు

లోయ ఎలా తలుపవుతుందన్నదే చిక్కు. బైబిల్‌లో హోషేయ ప్రవక్త గ్రంథం 2:15లో ఆకోరు లోయను ‘నిరీక్షణ ద్వారం’గా చేస్తానని దేవుడు అంటాడు. ఆకోరు పేరు బైబిల్ మొత్తంలో ఐదు వచనాల్లోనే వస్తుంది. ఇశ్రాయేలీయులు యెరికో పట్టణాన్ని పట్టుకున్నప్పుడు ఆ దోపుడు సొమ్ములో ఒక మంచి పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మీ దాచిన ఆకాను అనే ఇశ్రాయేలీయుణ్ణి అక్కడే రాళ్లతో కొట్టి చంపారు. ‘మమ్మల్ని ఎందుకు శ్రమపెట్టావు’ అని వారి నాయకుడు యెహోషువ అడిగిన మాటలోని హెబ్రీ ధాతువే ఆ లోయకు పేరైంది. ఆకోరు అంటే శ్రమ.

ఒంగోలు సోదరి:

దొంగ యాకాను రాళ్ళలో ద్రుంగె నచట
శ్రమయె పేరైన యాచోట స్వామి కరుణ
యాశ వాకిలి తెరచెను హర్షమొదవ
లోయ యొక్కటి తలుపయ్యె లోకమునకు

నిర్వాహకులు: బాగుందమ్మా. ‘శ్రమ – స్వామి’ యతి హాయిగా కుదిరింది. కానీ ‘హర్షమొదవ’ దగ్గర నాకు తృప్తి కలగలేదు. ఆకానుతో పాటు అతని కొడుకులు, కూతుళ్లు కూడా ఆ లోయకు వెళ్లారు. ఆకాను మీద వేసిన రాళ్లకుప్ప నేటివరకు ఉందని ఆ కథే చెబుతుంది. తలుపు తెరుచుకున్నది ఆ కుప్ప పక్కనే. దాన్ని దాటి హర్షంలోకి ఒక్క గంతు వేయకూడదు. ఇంకొకటి, ‘ఆశ’ చాలదు. పేపర్లో నిరీక్షణ అంటే ఎదురుచూపు, చర్చిలో నిరీక్షణ అంటే నమ్మకంతో కూడిన ఎదురుచూపు. హోషేయ వాడిన హెబ్రీ మాట ‘తిక్వా’కు ఈ రెండో అర్థమే దగ్గర.

ఒంగోలు సోదరి: నిజమేనండీ. ‘నిరీక్షణ’ను గణాల్లో ఇమడ్చలేక ‘ఆశ’ వేశాను. మళ్లీ ప్రయత్నిస్తాను.

డాలస్ తమ్ముడు: నేను ‘నిరీక్షణ ద్వారం’ అన్న పేరు తర్వాత ఏమైందో రాశాను గురువుగారూ. 1878లో యెరూషలేము నుంచి కొందరు యూదులు యెరికో దగ్గర ఆకోరు లోయలో భూమి కొనాలనుకున్నారు. ఒట్టోమన్ సుల్తాను ఒప్పుకోలేదు. వాళ్లు యార్కోన్ నది దగ్గర వేరే భూమి కొని, అనుకున్న పేరునే ఆ ఊరికి పెట్టారు. అదే నేటి ఇజ్రాయెల్‌లోని పెతాహ్ తిక్వా, అంటే నిరీక్షణ ద్వారం.

వెతల లోయను గొన నేగి విఫలులైరి
పేరు మాత్రము తెచ్చిరి ప్రీతితోడ
నూతనంబగు పల్లెకు నుంచిరపుడు
లోయ యొక్కటి తలుపయ్యె లోకమునకు

నిర్వాహకులు: విషయం అద్భుతం తమ్ముడూ! లోయ దొరకలేదు, తలుపు మాత్రం దొరికింది. మూడో పాదంలో యతి తప్పింది. ‘పల్లెకున్ + ఉంచిరి’ కాబట్టి అక్కడ యతి ‘ఉ’కే చెల్లాలి, ‘నూ’తో కుదరదు. ‘నున్న చోటనె పల్లెకు నుంచిరపుడు’ అంటే సరిపోతుంది. అర్థం కూడా బలపడుతుంది. లోయ అందలేదు కనుక ఉన్నచోటనే పేరు పెట్టుకున్నారు.

డాలస్ తమ్ముడు: సవరించుకున్నాను. ధన్యవాదాలండీ.

హైదరాబాద్ మాస్టారు: ‘తిక్వా’కు త్రాడు అనే అర్థం కూడా ఉంది. యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచి, తన ఇంటివారితో ప్రాణాలు దక్కించుకున్న రాహాబు అనే స్త్రీ కిటికీకి కట్టిన తొగరుదారానికి (ఎర్ర త్రాటికి) యెహోషువ 2వ అధ్యాయంలో వాడిన మాట అదే. నా పూరణ:

ఎఱ్ఱ త్రాటను రాహాబు నిల్లు నిలిచె
త్రాడు తిక్వయె, వేచుట తలప తిక్వ
పలికె హోషేయ యామాట బాధ కెదుట
లోయ యొక్కటి తలుపయ్యె లోకమునకు

నిర్వాహకులు: మాస్టారూ, ఒకే యెరికో కథలో ఒక ఇల్లు త్రాడుతో నిలవడం, ఇంకో ఇల్లు రాళ్ల కింద పోవడం మీ పద్యం చదివాకే నాకు పక్కపక్కన కనిపించాయి. ‘బాధ కెదుట’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. శ్రమను దాచలేదు, దాని ముఖాన నిలబడి ఆ మాట అన్నాడు ప్రవక్త. నా ఓటు దీనికే.

ఒంగోలు సోదరి: ఒక సందేహం. హోషేయ ఇశ్రాయేలుతో కదా మాట్లాడింది? మరి ‘లోకమునకు’ ఎలా?

నిర్వాహకులు: సరైన ప్రశ్నమ్మా. హోషేయలో ఆ మాట ఇశ్రాయేలుకే. ‘లోకమునకు’ అన్నది ‘లోయ’కు యతి కోసం నేను తెచ్చినది. దాన్ని ఇశ్రాయేలుకే పరిమితం చేస్తూ ఎవరైనా పూరిస్తే సంతోషంగా తీసుకుంటాను. రేపు సాయంత్రం వరకు పూరణలు పంపవచ్చు.