సెన్సార్ సర్టిఫికెట్ వచ్చాక సినిమాను ఆపొచ్చా? మీరేమంటారు?

కోవూరు_శీను:
మొన్న ఆదివారం టీవీలో 'గద్దలకొండ గణేష్' వేశారు. ఇంట్లో పెద్ద వాదన అయింది. ఆ సినిమా పేరు మొదట 'వాల్మీకి'. బోయ కులస్తులు అభ్యంతరం చెప్పారని 2019 సెప్టెంబరులో, తెల్లారితే రిలీజు అనగా రాత్రికి రాత్రి పేరు మార్చారు. మార్చడమే న్యాయం అంటాడు మా బావ. సెన్సార్ వాళ్ళు చూసి సర్టిఫికెట్ ఇచ్చాక ఇంక ఎవరూ అడ్డం పడకూడదని నేనంటాను. నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి. బూతులు వద్దు.

రీలుపెట్టె:
శీనూ, నీ మాటే నా మాట. నెల్లూరులో సినిమా హాల్లో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటర్‌గా, అంటే బొమ్మ వేసే పని చేశాను. ప్రొజెక్టర్‌లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు వెలిగించిన రోజుల నుంచి, రీళ్ళు లేకుండా డిజిటల్‌గా బొమ్మ వేసే క్యూబ్ వచ్చిందాకా క్యాబిన్‌లోనే బతికాను. సినిమా మీద కోపం వస్తే జనం ఎక్కడికి వస్తారు? తీసినోడి ఇంటికి పోరు. థియేటర్ మీదికి వస్తారు. ఒకసారి ఒక కులం వాళ్ళు వచ్చి బుకింగ్ కౌంటర్ అద్దాలు పగలగొట్టారు. సైకిల్ స్టాండ్‌లో పనిచేసే పిల్లోడికి నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. వాడికి ఆ సినిమాలో ఏముందో కూడా తెలియదు. నాలుగు రోజులు షోలు లేవు, మాకు జీతాలూ లేవు. ఎవరికి ఏ బాధ ఉన్నా సెన్సార్ బోర్డుకు రాసుకోవాలి. సర్టిఫికెట్ అంటే సర్టిఫికెట్టే.

కావలి_అమ్మాయి:
పిల్లోడి సంగతి చదివితే బాధేసింది బాబాయ్.

గుండ్లకమ్మ:
ఒంగోలులో వకీలుగా చేస్తున్నాను కాబట్టి చట్టం సంగతి చెబుతాను. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1989లోనే జవాబిచ్చింది. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా కేసు అది, రంగరాజన్ కేసు అంటారు. ఊరేగింపులు చేస్తాం, గొడవలు చేస్తాం అని బెదిరించినంత మాత్రాన సినిమాను ఆపకూడదు, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం పని అని తీర్పు. మన రాష్ట్రంలోనే 2006లో 'డావిన్సీ కోడ్' సినిమాను ప్రభుత్వం నిషేధిస్తే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2018లో 'పద్మావత్' విషయంలోనూ అంతే, రాష్ట్రాలు పెట్టిన నిషేధాలను సుప్రీంకోర్టు ఆపింది. కోర్టులు ఇంత స్పష్టంగా చెప్పాక ఇందులో చర్చ ఏముందో నాకు అర్థం కాదు.

వెంకటగిరి_జరీ:
మీరంతా నిన్నమొన్నటివే చెబుతున్నారు. అసలు కథ మన ఊరిదే. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'రైతుబిడ్డ' తీశారు. జమీందార్లు రైతుల్ని ఎట్టా పీడించారో చూపించిన సినిమా. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు నోటీసులు పంపారు, సినిమాను నిషేధించారు. ఇందులో వింత ఏందంటే ఆ సినిమాకు డబ్బు పెట్టింది కూడా జమీందారే, చల్లపల్లి రాజా గారు. మా తాత వెంకటగిరిలో మగ్గం నేసేవాడు. దాని పాటలు విన్నాం గానీ బొమ్మ చూడనే లేదని చనిపోయేదాకా చెప్పాడు. కాబట్టి సినిమాను ఆపేది ఎప్పుడూ పెద్దోళ్ళే.

గుండ్లకమ్మ:
జరీ గారూ, అది బ్రిటిష్ వాళ్ళ కాలం. అప్పుడు 1918 చట్టం నడిచేది. ఇప్పుడున్నది 1952 చట్టం. రెండూ కలపకండి.

వెంకటగిరి_జరీ:
చట్టం ఏదైతే ఏంది సార్, ఆపించింది జమీందార్లు కాదంటారా?

గుండ్లకమ్మ:
ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వం. జమీందారుకు నిషేధించే అధికారం చట్టంలో లేదు.

వెంకటగిరి_జరీ:
ఉత్తర్వు మీద సంతకం ఎవరిదని నేను అడగలేదు. అడిగి చేయించింది ఎవరు? దానికి చెప్పండి.

ఉలవపాడు_మామిడి:
ఇద్దరూ 1939లోనే ఉండిపోయారు. ఇవతలికి రండయ్యా.

కావలి_అమ్మాయి:
సెన్సార్ సంగతేమో గానీ, మా చిన్నప్పుడు సెకండ్ షోకి పోతే ఫస్ట్ షోలో ఉన్న పాటలు ఉండేవి కావు! మా అమ్మ గొడవ పెట్టుకునేది.

రీలుపెట్టె:
అది నిజమేనమ్మా. పెద్ద సినిమా పదహారు పదిహేడు రీళ్ళు ఉండేది. రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. సెకండ్ షో వదిలేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. పల్లెల వాళ్ళకు బస్సులు ఉండవు. అందుకని మూడు రోజులు పోయాక ఓనర్ వచ్చి ఫలానా పాట తీసెయ్యమనేవాడు. పాట మొదలయ్యే చోట, అయిపోయే చోట గుర్తు పెట్టుకొని, కత్తిరించి, రెండు కొసలూ గీకి ఫిల్మ్ అతికించే సిమెంటుతో (అదొక జిగురు) అతికించాలి. బొమ్మ ఎగరకూడదు, మాట తెగకూడదు. నేను వేసిన జాయింటు తెర మీద ఎవరూ కనిపెట్టలేదు. తీసిన ముక్క డబ్బాలో పెట్టి, ప్రింట్ తిరిగి పోయేటప్పుడు మళ్ళీ అతికించేవాళ్ళం.

చెరువుగట్టు:
ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. ఈ రోజు రాస్తాను.

మాది ఇందుకూరుపేట వైపు. నేను యానాదిని. మా నాన్న రొయ్యల గుంటలకు కాపలా. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే.

2003లో నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక సినిమా వచ్చింది. అందులో కామెడీ కోసం ఒక మనిషిని పెట్టారు. గోచీ, ఎలుకల బుట్ట, ముక్కుతో మాట. ప్రతి సీనులో వాడిని ఎవరో ఒకరు తంతారు. తన్నేముందు మా కులం పేరు పెట్టి పిలుస్తారు. మర్నాటి నుంచి కాలేజీలో నా పేరు పోయింది. ఆ సినిమాలో వాడి పేరే నా పేరు. మా చెల్లెలు హాస్టల్లో ఎనిమిదో తరగతి. సంక్రాంతి సెలవులకు వచ్చి మళ్ళీ పోనంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి రెండోసారి అడగలేదు. అది మళ్ళీ బడికి పోలేదు.

మేం పద్నాలుగు మందిమి కాగితం రాసుకొని పోయాం. సినిమాను ఆపమని కాదు, ఆ పిలుపు ఉన్న చోట శబ్దం తీసెయ్యమని. ఆర్డీవో ఆఫీసులో స్టేషన్‌కు పొమ్మన్నారు. స్టేషన్‌లో కాగితం తీసుకోకుండా థియేటర్‌కు పొమ్మన్నారు. థియేటర్‌లో గేటు దగ్గరే, సర్టిఫికెట్ ఉంది, పొండి అన్నారు. మేం ఏ అద్దమూ పగలగొట్టలేదు. రెండు గంటలు రోడ్డు మీద నిలబడి, బస్సుకు టైమయితే వచ్చేశాం.

రీలుపెట్టె అన్నా, టైముకు బస్సు దొరకదని పాట కత్తిరించారు కదా. అప్పుడు సర్టిఫికెట్ ఏమైంది?

ఉలవపాడు_మామిడి:
దీనికి జవాబు కావాలి.

గుండ్లకమ్మ:
చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చాక సినిమాను మార్చి ప్రదర్శించడం కూడా నేరమే. పాట తీసినా అంతే. ఇక చెరువుగట్టు గారు చెప్పిన దానికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసే వీలుంది.

చెరువుగట్టు:
ఎవరి మీద చేయాలి సార్? తీసినోడి మీదా, నటించినోడి మీదా, హాల్లో నవ్వినోళ్ళ మీదా? స్టేషన్‌లో కాగితమే తీసుకోలేదని చెప్పాను కదా.

రీలుపెట్టె:
అబ్బయ్యా, పాట వేరు, ఇది వేరు. పాట తీస్తే కథ మారదు. అది వ్యాపారం. నువ్వు చెప్పేది ఒకరి మనసు నొచ్చుకుందని తీయడం. అట్టా మొదలుపెడితే ఏ సినిమా మిగలదు. పోలీసులూ, లాయర్లూ, రాజకీయ నాయకులూ, అందరికీ నొప్పే. నాకు మాత్రం లేదా? ఎన్ని సినిమాల్లో ఆపరేటర్‌ను తాగుబోతుగా చూపించలేదు? నేనెవరి మీదికీ పోలేదు. నవ్వుకొని ఊరుకున్నాను.

చెరువుగట్టు:
మీ పిల్లల్ని ఆపరేటర్ నాయాలా అని ఎవరైనా తన్నారా?

రీలుపెట్టె:
మాట జాగ్రత్త. నా పిల్లల జోలికి రావద్దు. నువ్వు పుట్టకముందు నుంచి నేను ఆ క్యాబిన్‌లో ఉండాను. అంత బాధ ఉన్నోడివి మీ సంఘంతో కోర్టుకు పోవాల్సింది. ఇక్కడ నా మీద పడి ఏడిస్తే ఏం వస్తుంది?

చెరువుగట్టు:
మీ మీద పడలేదు. గేటు దగ్గర విన్న మాటే మళ్ళీ మీ నోట విన్నాను, అందుకే అడిగాను. కోర్టుకు పొమ్మంటున్నారు. ఆ రోజు పద్నాలుగు మందికి కలిపి బస్సు చార్జీ నూట నలభై రూపాయలు. అది చందా వేసుకొని వచ్చాం.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాసేపు ఆగండి. వ్యక్తిగత మాటలు వస్తే చర్చ మూసేస్తాను.

కోవూరు_శీను:
ప్రశ్న పెట్టింది నేనే కాబట్టి ఒక మాట. నేను పేరు మార్పు గురించి అడిగాను. ఇది ఎక్కడికో పోయింది.

చెరువుగట్టు:
ఎక్కడికీ పోలేదు శీనూ. నువ్వడిగిందే చెబుతున్నాను. 2017లో 'దువ్వాడ జగన్నాథం' పాటలో అగ్రహారం, నమకం, చమకం అన్న మాటలకు బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మాటలు మార్చారు. మార్చడం మంచిదే, వాళ్ళకు అవి పవిత్రమైన మాటలు. 2019లో పేరే మార్చారు. అదీ మంచిదే. 'కమ్మ రాజ్యంలో కడప రెడ్లు' అన్న సినిమా అదే ఏడాది 'అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు' అయింది. ఇవన్నీ జరిగినప్పుడు ఎవరి చేతులూ పడిపోలేదు. ఒక ఫోనుకు, ఒక ప్రెస్ మీట్‌కు పని అయిపోయింది. మాలాంటోళ్ళు కాగితం పట్టుకొని పోయినప్పుడే అందరికీ భావ స్వేచ్ఛ గుర్తొస్తుంది, సుప్రీంకోర్టు గుర్తొస్తుంది.

వకీలు గారు చెప్పిన తీర్పులు మంచివి కావని నేను అనడం లేదు. ఎవరి మాటకూ సినిమా మారకూడదంటే సరే, ఒప్పుకుంటాను. అయితే ముందు ఫోను చేసి మార్పించే వాళ్ళ దగ్గర ఆ బలం తీసెయ్యండి. తరువాత మా దగ్గరికి రండి. ఎప్పుడు చూసినా నియమం మా గేటు దగ్గరే మొదలవుతుంది, అక్కడే అయిపోతుంది.

వెంకటగిరి_జరీ:
నేను పొద్దుటి నుంచి చెప్పేదీ ఇదే. జమీందారు అడిగితే ఆగింది, రైతు అడిగితే ఆగుతుందా?

గుండ్లకమ్మ:
నేను ఒక విషయం సరిచేసుకోవాలి. ఆ తీర్పులన్నీ కోర్టుకు వెళ్ళిన నిర్మాతలవి. పేరు మార్చుకున్నవీ, మాట మార్చుకున్నవీ ఎక్కువ భాగం కోర్టు దాకా రావు. రిలీజుకు ముందు రోజు డబ్బంతా వడ్డీల మీద ఉంటుంది, నిర్మాత ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకు ఒప్పుకుంటాడు. సెన్సార్ బోర్డుకు సలహా సంఘాలుంటాయి, సభ్యుల్ని కేంద్ర ప్రభుత్వం వేస్తుంది. యానాదుల మనిషి ఒక్కరు ఆ గదిలో కూర్చొని ఉంటే 2003లో ఆ పిలుపు అక్కడే ఆగేదేమో. అయినా సర్టిఫికెట్ వచ్చిన తరువాత థియేటర్ దగ్గర మార్పించడం తప్పని ఇప్పటికీ అంటాను.

కావలి_అమ్మాయి:
చెరువుగట్టు అన్నా, మీ చెల్లెలు ఇప్పుడెట్టా ఉంది?

చెరువుగట్టు:
బాగుందమ్మా. ఇద్దరు పిల్లలు. వాళ్ళను బడికి పంపుతోంది.

రీలుపెట్టె:
రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే రాస్తున్నాను. నిన్న కోపంగా మాట్లాడాను, అది తప్పు.

నా భయం చెబుతాను విను. ఒకరి మాట మీద తీస్తే రేపు వందమంది వస్తారు. ఆ వందమందిలో బలం ఉన్నోడి మాటే చెల్లుతుంది. నీ కాగితం అప్పుడు కూడా అడుగునే ఉంటుంది. అద్దాలు పగిలిన రోజున నేను చూసింది అదే. వాళ్ళు అడిగింది రెండో రోజుకల్లా అయిపోయింది. ఆ పిల్లోడి కుట్లకు మాత్రం ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అందుకే ఎవరికీ వద్దంటాను. నీ మీద కోపంతో కాదు.

నువ్వు పేరు రాయలేదు గానీ 2003, ఎలుకల బుట్ట అనగానే నాకు తెలిసింది. ఆ సినిమా మా దగ్గరా ఆడింది. ఆ సీను ఆరో రీల్లో, ఇంటర్వెల్‌కు ముందు. పెద్ద సినిమా కాబట్టి అందులోనూ కత్తిరించాను. ఓనర్‌ను ఏది తీయమంటారని అడిగాను. రెండో పాట తియ్యి, కామెడీ జోలికి పోవద్దు, జనం నవ్వుతుండారు అన్నాడు. ఆ నవ్వు క్యాబిన్‌లోకి కూడా వినపడేది. నేనూ నవ్వాను. వినేవాళ్ళలో నీలాంటి పిల్లోడు ఉంటాడని ఒక్క రోజు కూడా అనుకోలేదు.

అయినా సినిమాను ఆపడానికి మాత్రం నేను ఒప్పుకోను.

చెరువుగట్టు:
ఆపమని నేను ఎక్కడా అనలేదన్నా. పైన రాసింది ఇంకోసారి చదవండి.