సమస్య: చంద్రుఁ డాఁడుది యనువాఁడు సత్యవాది

ఛందస్సు తేటగీతి. లాటిన్, దాని సంతతి భాషల ఆధారంగా పూరించాలి. 'సత్యవాది' కనబడింది కదా అని హరిశ్చంద్రుణ్ణి పిలవకండి.

మొదటి పూరణ (విజయవాడ సభ్యులు)

రోమునగరపు గుడిలోన రూపు దాల్చి
లూన యనుపేర దేవతై లోక మేలె
లాటి నాడెడి వారికి లలన, కాన
చంద్రుఁ డాఁడుది యనువాఁడు సత్యవాది

నిర్వాహకులు: ధార బాగుంది. ఆవెంటీన్ కొండ మీది లూనా గుడి క్రీ.శ. 64లో రోము తగలబడినప్పుడు పోయింది, మీ పద్యంలో మళ్ళీ లేచింది. అయితే దేవత + ఐ అన్నచోట యడాగమం వచ్చి 'దేవతయై' కావాలి. 'వేలుపై' అంటే గణాలూ చెడవు.

— ధన్యవాదాలు గురువు గారూ, సవరించాను.

రెండవ పూరణ (పారిస్‌లో ఉంటున్న సభ్యురాలు)

లూన మాడ్రిడు రోములో, లూవ లిస్బ
నందు; పారిసు వారికి నాతి లూను;
అక్కచెల్లెండ్ర నుడులలో నతివ కాదె!
చంద్రుఁ డాఁడుది యనువాఁడు సత్యవాది

నిర్వాహకులు: ఈరోజుకి ఇదే మేలైన పూరణ అమ్మా. 'అక్కచెల్లెండ్ర నుడులు' సమస్యను ఒక్క ఊపులో గట్టెక్కించింది.

విజయవాడ సభ్యులు: ఒక సందేహం. లిస్బన్‌లో 'లూఅ' కదా, 'వ' ఎక్కడిది?

— మన నాలుక చేర్చినదే అండీ. పోర్చుగీసులో అచ్చుల మధ్య నకారం జారిపోవడం మామూలు. 'బోన' కూడా 'బోఅ' అయింది. ఇంకో సంగతి: ఇటాలియన్, స్పానిష్‌లలోని లూనా చూడ్డానికి లాటిన్ ప్రథమా విభక్తి రూపమే, కానీ వచ్చిన దారి ద్వితీయ. 'లూనమ్'లో చివరి మకారం రాలిపోయాక మిగిలింది అది. రుమేనియా రాజధాని బుకారెస్టును వదిలేశాను, గణాల్లో ఇమడలేదు. అక్కడ విడిగా అంటే చివరి అచ్చు వేరు. నిర్దేశక ప్రత్యయం (ఇంగ్లీషు 'ది' లాంటిది) చేరితేనే సరిగ్గా 'లూనా'. ఆ మాటకే నెల అనే అర్థమూ ఉంది, మన 'నెల'లాగే.

నిర్వాహకులు: వారాల పేర్లలోనూ మనకు తోడున్నారు. ఫ్రెంచి లన్‌దీ, స్పానిష్ లూనెస్ అచ్చంగా సోమవారాలే. పోర్చుగీసువారు మాత్రం 'రెండవది' అని లెక్కపెట్టుకుంటారు.

మూడవ పూరణ (హైదరాబాద్ సభ్యులు)

మామ నడిపిన బండియే మాకు 'లూన';
చందమామకు నది పేరు సరస లాటి
నందు; నాఁడుదే యనిరి యా నాఁటివారు;
చంద్రుఁ డాఁడుది యనువాఁడు సత్యవాది

నిర్వాహకులు: 1972లో కైనెటిక్ వారు తెచ్చిన మోపెడ్ పద్యంలోకి కూడా వచ్చేసింది! మామ, చందమామ కలిసిన చమత్కారం నవ్వించింది. 'సరస' మాత్రం యతి కోసం కూర్చోబెట్టిన వ్యర్థపదం. మూడు, నాలుగు పాదాల్లో 'ఆఁడుది' పునరుక్తి.

— రెండవ పాదం ఇలా మారుస్తున్నాను గురువు గారూ: "చందమామకు నది పేరు చదువ లాటి". పునరుక్తిని ఉండనివ్వండి, మా మామయ్య ఏ మాటైనా రెండుసార్లు చెప్పేవారు.