రెండు ఆవులకు తగ్గని పొదుగువాపు: పాల పరీక్షలో ‘ప్రొటోథీకా’ అని వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న (మొయినాబాద్ పాడిరైతు):

పశువైద్యులకు, తోటి పాడిరైతులకు నమస్కారం. మొయినాబాద్ వైపు మాకు చిన్న డెయిరీ ఉంది. హెచ్‌ఎఫ్, జెర్సీ సంకర ఆవుల పాలను మెహదీపట్నం, టోలిచౌకి ప్రాంతాల ఇళ్లకు నేరుగా పోస్తుంటాము. వానలు మొదలైనప్పటి నుంచి రెండు ఆవులకు పొదుగువాపు తగ్గడం లేదు. జ్వరం లేదు, మేత మానలేదు, పొదుగు ముట్టుకుంటే నొప్పితో తన్నడమూ లేదు. అయితే ఒక్కో ఆవుకు ఒక చన్ను నుంచి పాలు నీళ్లలా పలచబడి, తెల్లని తునకలతో వస్తున్నాయి, దిగుబడి బాగా పడిపోయింది. చన్నులోకి ఎక్కించే ట్యూబుల రకం మార్చి చూశాము, ఇంజెక్షన్లు వేయించాము, ఫలితం కనబడలేదు. చివరికి పాల నమూనాను ప్రయోగశాలకు పంపితే, అందులో బ్యాక్టీరియా పెరగలేదని, ‘ప్రొటోథీకా’ అనే శైవలం పెరిగిందని నివేదిక వచ్చింది. మా నీళ్ల తొట్టిలో పచ్చని నాచు పడుతుంటుంది. అదే పొదుగులోకి చేరిందా? దీనికి ఏ మందు వాడాలి? బాగున్న మిగతా చన్నుల పాలనైనా అమ్మవచ్చునా?

జవాబు (పశువైద్యుడు, రాజేంద్రనగర్):

తొట్టిలోని పచ్చని నాచును మీరు నిందించనక్కరలేదు. ప్రొటోథీకా శైవలాల కుటుంబానికి చెందినదే, క్లోరెల్లా అనే పచ్చని శైవలానికి దగ్గరి చుట్టమే, కానీ పత్రహరితాన్ని పూర్తిగా పోగొట్టుకున్న ఏకకణ జీవి. ఎండతో ఆహారం తయారుచేసుకోలేదు కనుక కుళ్లుతున్న సేంద్రియ పదార్థం ఉన్న చోట, అంటే పేడ కలిసిన బురదలో, మురుగులో, నిలిచిన నీటిలో, తడిసిన మేతలో బతుకుతుంది, రంగు లేకుండా ఉంటుంది కనుక కంటికి కనబడదు. 1894లో క్రూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెట్ల నుంచి కారే స్రావంలో దీనిని గుర్తించి పేరు పెట్టారు. ఆవులలో పొదుగువాపుకు ఇది కారణమని 1952లో జర్మనీ నుంచే తొలిసారి వెల్లడైంది. ఆవులను ఎక్కువగా బాధించే రకాన్ని ఇదివరకు ప్రొటోథీకా జోఫై రెండవ జన్యురకం అనేవారు, 2019 నుంచి ప్రొటోథీకా బోవిస్ అంటున్నారు. మీ నివేదికలో ఈ రెండింటిలో ఏ పేరున్నా ఒకే జీవి అని తెలుసుకోండి.

మందు విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి: పొదుగులో స్థిరపడిన ప్రొటోథీకాను నమ్మకంగా నయం చేసే మందు లేదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు బ్యాక్టీరియా కణకవచం తయారు కాకుండా అడ్డుకుని వాటిని చంపుతాయి. ఈ శైవలానికి అటువంటి కవచమే లేదు, కనుక ఎన్ని ట్యూబులు ఎక్కించినా దాని మీద పని చేయవు. శిలీంధ్రాలకు వాడే ఆంఫోటెరిసిన్, నిస్టాటిన్ వంటివి గాజు గొట్టంలో కొంత పని చేసినట్టు కనబడినా పొదుగులో ఆ ఫలితం రాదు. రక్షక కణాలు దీనిని మింగినా చంపలేవు, అందుచేత వాపు నెలల తరబడి సాగి, పాలగ్రంథి కణజాలం గట్టిపడి, ఆ చన్ను చివరకు పాలు ఇవ్వడం మానేస్తుంది. ఆవు వట్టిపోయిన కాలంలో కూడా ఇది లోపల ఉండిపోయి, మళ్లీ ఈనగానే బయటపడుతుంది.

ఒక విషయం నిష్ఠూరంగా అనిపించవచ్చు. తగ్గని పొదుగువాపుకు ఒకదాని తరువాత ఒకటిగా ట్యూబులు ఎక్కించే అలవాటే కొన్ని మందలలో ఈ జీవిని లోపలికి చేరవేస్తుంది. చనుమొనను స్పిరిట్ దూదితో తుడవకుండా, తడిచేతులతో, ట్యూబు మొనను అక్కడక్కడా తాకించి ఎక్కిస్తే, చర్మం మీద ఉన్నది నేరుగా పాల నాళంలోకి పోతుంది. ఇక మీదట ఏ ఆవుకైనా మొదటి ట్యూబుకు ముందే నమూనా తీయించండి.

జవాబు (సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని, తార్నాక):

డాక్టర్ గారు చెప్పినదానికి ప్రయోగశాల వైపు నుంచి కొంత కలుపుతాను. సూక్ష్మజీవులను పెంచడానికి పళ్లెంలో పోసే జెల్లీ వంటి పోషక పదార్థాలైన రక్తపు అగార్ మీద, సబోరాడ్ అగార్ మీద కూడా ఈ జీవి పెరుగుతుంది, అయితే బూడిద తెలుపు రంగులో చిన్న చిన్న కాలనీలు స్పష్టంగా కనబడడానికి 2 నుంచి 3 రోజులు పట్టవచ్చు. ఒక్క రోజుకే పళ్లేన్ని పారవేస్తే ‘ఏమీ పెరగలేదు’ అనే నివేదిక వస్తుంది. కాలనీలను పైపైన చూసినవారు ఈస్టు అని పొరబడే అవకాశం కూడా ఉంది. లాక్టోఫినాల్ నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా తెలిసిపోతుంది: ఈస్టు మొగ్గ తొడుగుతుంది, ప్రొటోథీకా మొగ్గ తొడగదు, దాని పెద్ద కణం లోపల పిల్లకణాలు కోసిన దానిమ్మలో గింజల్లా కిక్కిరిసి ఉంటాయి.

వ్యాధి సోకిన ఆవు ఈ జీవిని ప్రతి పూటా ఒకే మోతాదులో విసర్జించదు. అందువల్ల మందలోని మిగతా ఆవులలో సీఎంటీ (పాలలో ద్రావణం కలిపి పొదుగువాపును గుర్తించే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్షలో పాలు జిగురుగా మారినవాటి నమూనాలను, ఒకసారి ఏమీ రాకపోయినా, కొన్ని వారాల ఎడంతో మళ్లీ పంపించండి. చనుమొనను స్పిరిట్‌తో తుడిచి, మొదటి రెండు మూడు ధారలు వదిలివేసి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో పంపాలి. పంపేటప్పుడు ‘శైవలం, ఈస్టు కూడా చూడండి’ అని చీటీ మీద రాయడం మరువకండి. అడగనిదే వెతకని చోట్లు ఉన్నాయి.

జవాబు (పాడిరైతు, ఘట్‌కేసర్ వైపు):

అన్నా, మా దిక్కున మూసీ నీటితో పెరిగే పారాగడ్డి మేపేవారు చాలామంది ఉన్నారు. పీర్జాదిగూడ దగ్గర కోసిన గడ్డి తడితడిగానే ఆటోలలో వచ్చి కొట్టాలకు చేరుతుంది. మురుగులో ఈ జీవి ఉంటుందంటున్నారు కదా, ఆ గడ్డిని మానుకోవాలా అని డాక్టర్ గారిని అడుగుతున్నాను. ఇంకొక సంగతి, ఇట్లాంటి ఆవును తీసివేయమని సలహా ఇవ్వడం తేలికే కానీ, మన దగ్గర ఆవును తీసివేయడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. చాలామంది చేసేది సంతలో ఇంకొకరికి అమ్మడమే.

జవాబు (పశువైద్యుడు, రాజేంద్రనగర్):

మురుగునీరు ఈ జీవికి నివాసమే, అయితే గడ్డి తిన్నంత మాత్రాన పొదుగుకు జబ్బు రాదు. నోటి ద్వారా వెళ్లినది పేడలో సజీవంగా బయటకు వస్తుంది, ఆ పేడ మీద ఆవు పడుకున్నప్పుడే చనుమొనకు అంటుతుంది. కాబట్టి మూసీ గడ్డి విషయంలో నా ఆందోళన దానితో వచ్చే నీటి గురించే. గడ్డిని గట్టు మీద ఆరబెట్టి వేయండి, తొట్ల చుట్టూ బురద కట్టనివ్వకండి. వానాకాలంలో కొట్టం నేలకు వాలు లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి, నన్నడిగితే ముందుగా ఖర్చు పెట్టవలసింది నేల మీదే.

సోకిన ఆవులను వేరుగా కట్టి, అన్నిటికన్నా చివర పితకాలి. మిషన్ వాడితే వాటికి వాడిన కప్పులను, గొట్టాలను వేడినీళ్లతో, క్షారపు ద్రావణంతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, తడి గొట్టం లోపలి జిగట పొరలో ఇది నిలవ ఉంటుంది. పితికాక ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచండి, ఒకే గుడ్డతో అన్ని పొదుగులూ తుడిచే పద్ధతి ఈ రోజే మానండి. ఆ పాలను దూడలకు తాపకూడదు, దూడల పేడ ద్వారా అది మళ్లీ కొట్టంలోకే వస్తుంది. కొట్టంలో తిరిగే ఎలుకలను, కుక్కలను కూడా అదుపులో ఉంచాలి.

విదేశీ పుస్తకాలలో మంద నుంచి తొలగించమని ఒక్క వాక్యంలో రాస్తారు. ఇక్కడ చట్టమూ, మనసూ రెండూ అడ్డు వస్తాయన్న మాట నిజమే. అయినా జబ్బు దాచి సంతలో అమ్మడాన్ని నేను సమర్థించలేను, అది ఇంకొక రైతు కొట్టంలో నష్టాన్ని నాటడమే. ఒక్క చన్నుకే సోకిన ఆవు అయితే, పశువైద్యుని చేత పావిడోన్ అయోడిన్ ఎక్కించి ఆ చన్నును శాశ్వతంగా ఎండగట్టించి, మిగతా మూడింటి పాలను తరచుగా పరీక్షిస్తూ ఉంచుకోవడం ఒక మార్గం. రెండు మూడు చన్నులకు పాకితే పాడి నుంచి విరమింపజేసి, పాలిచ్చే మందకు దూరంగా ఉంచడమే మిగులుతుంది.

పాల గురించి మొయినాబాద్ సోదరులు అడిగినదానికి: సోకిన చన్ను పాలను అమ్మవద్దు, ఇంట్లో వాడవద్దు, కాల్వలో పోయవద్దు, క్రిమిసంహారకం కలిపి దూరంగా గుంటలో పూడ్చండి. ఈ జీవికి చెందిన కొన్ని రకాలు పాశ్చరైజేషన్ వేడిని తట్టుకున్నట్టు పరిశోధనలలో నమోదైంది. మనుషులలో జబ్బు అరుదు, అదీ ఎక్కువగా చర్మపు గాయాల ద్వారా, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో కనబడుతుంది. కాబట్టి చేతికి పుండు ఉన్నవారు ఆ ఆవును పితకకూడదు. బాగున్న చన్నుల పాలను పరీక్ష రెండుసార్లు శుభ్రంగా వచ్చేవరకు ఇళ్లకు పోయకండి, ఆ తరువాత కూడా పొంగేవరకు మరిగించి వాడమని మీ ఖాతాదారులకు చెప్పండి.