కొత్త అల్లాయ్స్ వేస్తే టైరు ఒరుసుకుంటోంది: ఫెండర్ మడిపించాలా, రిమ్ములు మార్చాలా?

కృష్ణలంక_కుర్రాడు
అందరికీ నమస్తే. మాది హ్యాచ్‌బ్యాక్. మోడల్ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చ ఆ కంపెనీ గొప్పా ఈ కంపెనీ గొప్పా అన్న దగ్గరికి పోతుంది. కంపెనీ ఇచ్చిన టైరు 185/65 ఆర్15 (వెడల్పు మి.మీ.లో, అందులో ఎంత శాతం పక్కగోడ ఎత్తో, రిమ్ అంగుళాలు). పాత రిమ్ వెనక 5.5జె (రిమ్ వెడల్పు అంగుళాల్లో), ఈటీ 45 (ఆఫ్‌సెట్) అని ఉంది. వాటి బదులు 16 అంగుళాల అల్లాయ్స్ వేయించా: 7జె, ఈటీ 35, టైరు 205/55 ఆర్16. చూడ్డానికి బండి అదిరిపోయింది. గోలల్లా రెండే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీస్తే ముందు ఎడమ టైరు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి ఒరుసుకుంటోంది. నలుగురం ఎక్కి డిక్కీలో సామాను పెడితే, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక "గర్ర్" మంటోంది. షాపతను "ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు లోపలికి మడిపిస్తే సరిపోద్ది సార్, అందరూ చేయించుకుంటారు" అంటున్నాడు. మా నాన్నగారేమో "పాతవి వేయించెయ్" అని ఒకటే పట్టు. ఫెండర్ మడిపించడం సబబేనా?

ఆటోనగర్_బాబాయ్
సబబే. టింకరింగ్ పనిలోనే తల నెరిసింది నాకు. హీట్ గన్‌తో పెయింట్ వేడెక్కించి, రోలర్ పెట్టి నెమ్మదిగా అంచు తిప్పితే చిన్న గీత కూడా పడదు. పెయింట్ లేచేది ఎవరికి? సుత్తితో కొట్టేవాడికి. పదో పన్నెండో మిల్లీమీటర్ల చోటు దొరుకుద్ది. దానికోసం వేలు పోసి కొన్న రిమ్ములు తీసెయ్యమంటే ఎట్టా అబ్బాయ్?

లెక్కల_మాస్టారు
బాబాయ్ గారి చేతిపని మీద నాకేం అనుమానం లేదు. కానీ పది, పన్నెండు అన్నారు కదా, అసలు ఎంత కావాలో చూద్దాం.

ఈటీ అంటే రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు కొసకి) ఆనుకునే ముఖం ఎంత బయటి వైపున ఉందో చెప్పే మిల్లీమీటర్లు. అది తగ్గినకొద్దీ చక్రం బయటికి పొడుచుకొస్తుంది. పాత రిమ్ 5.5 అంగుళాలు, అంటే 139.7 మి.మీ., సగం దాదాపు 70. అందులోంచి 45 తీసేస్తే హబ్ నుంచి బయటి అంచు 25 మి.మీ. కొత్తది 7 అంగుళాలు, 177.8, సగం 89. 35 తీసేస్తే 54. అంటే రిమ్ అంచు ఒకేసారి 29 మి.మీ. బయటికి వచ్చింది. లోపలి వైపు కూడా 9 మి.మీ. పెరిగింది, అది షాక్ అబ్జార్బర్ వైపు.

టైరు ఎత్తు: 185/65 ఆర్15 వ్యాసం 621.5 మి.మీ., 205/55 ఆర్16 ది 631.9. పైకి పెరిగింది ఐదు మిల్లీమీటర్లే. అందరూ "పదహారు వేశావు, అందుకే తగులుతోంది" అంటారు గానీ, ఇక్కడ దొంగ పదహారు కాదు. 7జె, ఈటీ 35 కలిసి చేసిన పని. ఇదే పదహారు 6జె, ఈటీ 45 లో తీసుకుని ఉంటే బయటికి వచ్చేది ఆరు మిల్లీమీటర్లే.

వరంగల్_రైడర్
మాస్టారు, లెక్క మంచిగుంది. కానీ రిమ్ములు అమ్ముదామంటే సగం ధర గూడ రాదు. టైర్ మారిస్తే అయిపోతది గదా? 195/55 ఆర్16 ఎయ్యమనుండ్రి. వ్యాసం 620.9, కంపెనీ టైర్‌తోని దాదాపు సమానం. 7జె రిమ్ము మీద 195 కూసుంటది, అది గూడ పైపరిమితే అనుకోండ్రి. లోడ్ ఇండెక్స్ (టైరు మోసే బరువు నంబరు) 87, అంటే ఒక్కో టైరుకు 545 కిలోలు. పాతది 88 అయితే 560. హ్యాచ్‌బ్యాక్‌కు గది పెద్ద తేడా కాదు.

లెక్కల_మాస్టారు
ఎత్తు విషయంలో మీరన్నది నిజం, రైడర్ గారూ. వెనక చప్పుడు కొంత తగ్గొచ్చు కూడా. వెడల్పు దగ్గరే చిక్కు. 205 టైరు అసలు కొలత 6.5జె రిమ్ మీద 214 మి.మీ., 195 టైరు 6జె మీద 201. రిమ్ అర అంగుళం పెరిగితే టైరు పొట్ట అయిదేసి మి.మీ. ఉబ్బుతుంది. కాబట్టి 7జె మీద రెండూ కాస్త ఉబ్బి 219, 211 అవుతాయి. ఒక వైపు లాభం నాలుగు మిల్లీమీటర్లు. పాత చక్రంతో పోలిస్తే ఇంకా ఇరవై పైనే బయట ఉంటుంది.

నెల్లూరు_నైట్‌రైడర్
బ్రో స్పేసర్లు (హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే బిళ్ళలు) వేయించుకో. మా ఫ్రెండ్ వేయించాడు, ఒరుసుకోవడం మాయం.

ఆటోనగర్_బాబాయ్
నాయనా, మీ ఫ్రెండుకి తగిలింది లోపలి వైపు, షాక్‌కి. అందుకే స్పేసర్‌తో పోయింది. ఈ అబ్బాయికి వెనక తగిలేది బయట ఫెండర్‌కి. దానికి స్పేసర్ వేస్తే ఇంకా బయటికొచ్చి ఇంకా గట్టిగా తగులుద్ది. పైగా స్పేసర్ ఎంత మందం ఉంటే నట్టు అన్ని చుట్లు తక్కువ పట్టుద్ది. ఇదొక్కటీ చెయ్యొద్దు.

సాగరతీరం
వైజాగ్ నుంచి. బాబాయ్ గారితో ఒక్కచోట తేడా వస్తోంది. ముందు ఫెండర్ బోల్టులతో బిగించింది. పాడైతే విప్పి కొత్తది వేస్తారు, గొడవ లేదు. వెనకది అట్టా కాదు, క్వార్టర్ ప్యానెల్ బాడీతో కలిపి వెల్డ్ చేసుంటుంది. ఆ అంచు దగ్గర బయటి రేకు, లోపలి రేకు కలిపి స్పాట్ వెల్డ్ చేసి మధ్యలో సీలెంట్ వేస్తారు. రోలర్‌తో తిప్పితే పైన పెయింట్ బాగానే ఉంటది, లోపల సీలెంట్ చిట్లుతుంది. అక్కడికి బురద, నీళ్ళు చేరతాయి. మా ఊరి ఉప్పుగాలికి ఆ సందులో తుప్పు మొదలైతే పెయింట్ బుడగలు కట్టేదాకా కంటికి కనపడదు. కనపడేసరికి రేకు పోయినట్టే. ఇంతకీ ఇతనికి పని కావాల్సింది వెనకే కదా.

ఆటోనగర్_బాబాయ్
సీలెంట్ మళ్ళీ పూసి, లోపల రస్ట్ కోటింగ్ కొట్టకుండా ఏ పనోడూ బండి ఇవ్వడు. ఇవ్వకూడదు. మీరు చెప్పేది చెత్త పని చేసినవాడి సంగతి.

సాగరతీరం
పూశాడో లేదో బండి యజమానికి ఎట్టా తెలుస్తుంది బాబాయ్? చక్రం విప్పి తల లోపల పెట్టి చూసేదెంతమంది?

మ్యూనిక్_తెలుగోడు
నేను జర్మనీలో ఉంటా. ఇక్కడ రిమ్ మార్చాలంటే ఆ రిమ్ ఆ కారుకి సరిపోతుందని కాగితం ఉండాలి. లేకపోతే ట్యూవ్ (బండ్లు తనిఖీ చేసే సంస్థ) దగ్గరికి తీసుకెళ్ళి ఆమోదం వేయించుకోవాలి. ఆ తనిఖీలో నాకు నచ్చింది ఒకటుంది: ఎదురెదురు మూలల్లో రెండు చక్రాలను దిమ్మెల మీదికెక్కించి, బండిని మెలితిప్పి, పూర్తిగా నొక్కుకున్న చక్రం ఎక్కడైనా తగులుతుందేమో చూస్తారు. చక్రం మధ్య నుంచి నిలువుగీత గీస్తే దానికి ముందు 30 డిగ్రీలు, వెనక 50 డిగ్రీల మేర టైరు ట్రెడ్‌ని ఫెండర్ కప్పి ఉండాలి. 29 మి.మీ. బయటికొచ్చిన చక్రం ఇక్కడ ఆ నియమం దగ్గరే ఆగిపోయే అవకాశం ఎక్కువ. మన దగ్గర అడిగేవాడు లేడు కాబట్టి బురదంతా తలుపుల మీదికి ఎగురుతుంది, అంతే.

పేటబార్_ప్లీడరు
అడిగేవాడు లేడని అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని వివరిస్తూ, తయారీదారు అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదంది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే మోడల్ టాప్ వేరియంట్‌కి కంపెనీయే 16 అంగుళాలు ఇస్తుంటే ఆ సైజుకి వెళ్ళడాన్ని సమర్థించుకోవడం తేలిక. 7జె, ఈటీ 35 వేసి, చోటు కోసం బాడీ రేకు తిప్పించి, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో సర్వేయర్ ఎదురుగా నిలబడటం వేరు. ఇన్సూరెన్సు వాళ్ళకి మార్పు సంగతి ముందే రాసి చెప్పారా?

వరంగల్_రైడర్
ప్లీడర్ సాబ్, గట్లైతే రోడ్డు మీద సగం బండ్లు జైల్లో ఉండాలె.

పేటబార్_ప్లీడరు
జైలు సంగతి వదిలేయండి. క్లెయిమ్ కాగితం గురించి చెప్తున్నా.

లెక్కల_మాస్టారు
కృష్ణలంక బాబూ, మేమంతా గాల్లో వాదిస్తున్నాం. ఒక పని చెయ్యి. రివర్స్‌లో తగిలేదానికి టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డగీతలు గియ్యి. ఒక్కసారి పూర్తిగా తిప్పి, ఏ గీత చెరిగిందో, లైనర్ మీద సుద్ద ఎక్కడ అంటిందో చూడు. వెనకదానికి చపాతీ పిండి కాస్త గట్టిగా కలిపి, ఫెండర్ అంచు లోపలి వైపు వేలెడు మందాన అంటించు. నలుగురూ ఎక్కి ఒక బ్రేకర్ దాటండి. పిండి ఎక్కడ పలచబడిందో అదే నీ చోటు, ఎంత మిగిలిందో అదే నీ కొలత.

కృష్ణలంక_కుర్రాడు
చేశాను మాస్టారూ. పిండి అడిగినందుకు ఇంట్లో నవ్వని వాళ్ళు లేరు.

ముందు సంగతి వేరే తేలింది. లైనర్‌కి బంపర్ దగ్గర ఒక ప్లాస్టిక్ క్లిప్పు ఊడిపోయి ఉంది. ఆ మూల కిందికి వేలాడి టైరుకి తగులుతోంది. సుద్ద సరిగ్గా అక్కడే అంటింది, లైనర్ కూడా అంతమేర నున్నగా మెరుస్తోంది. కొత్త క్లిప్పు వేయించా. ఇప్పుడు పూర్తి లాక్‌లో కూడా చప్పుడు లేదు, కానీ మధ్యలో వేలు కూడా దూరడం లేదు.

వెనక రెండువైపులా పిండి ఫెండర్ అంచు మీదే పూర్తిగా తెగిపోయింది. లోపల షాక్ వైపు పెట్టింది మాత్రం చెక్కు చెదరలేదు.

ఆటోనగర్_బాబాయ్
ముందు దానికి లైనర్‌ని హీట్ గన్‌తో కొంచెం మెత్తబరిచి లోపలికి నొక్కించు. అది ప్లాస్టిక్, ఏ కోర్టూ అడగదు. వెనకదానికి మటుకు నా మాట రోలింగే. పూర్తిగా తెగిందంటే ఎంత తగులుతోందో తెలీదు గానీ, వెనక 195 వేసి అంచు మడిస్తే సరిపోద్దని నా అంచనా.

సాగరతీరం
రెండు టైర్లు మార్చే ఖర్చు, రోలింగ్ ఖర్చు, కోటింగ్ ఖర్చు కలిపి చూడు తమ్ముడూ. ఈ రిమ్ములు అమ్మి 6జె, ఈటీ 45 తెచ్చుకునే తేడాకి దగ్గర పడుతుందేమో. బేరింగ్ సంగతి ఎవరూ అనలేదు. చక్రం అంత బయటికి వస్తే హబ్ బేరింగ్ మీద బరువు పడే తీరు మారుతుంది. గతుకుల్లో స్టీరింగ్ చేతిలో లాగుతుంది. ఫెండర్ మడిస్తే అవి తగ్గవు.

వరంగల్_రైడర్
గది మాత్రం నిజం. నా పాత బండికి ఈటీ 30 ఏస్తే బ్రేక్ కొట్టినప్పుడల్లా స్టీరింగ్ ఒక దిక్కుకు గుంజేది.

కృష్ణలంక_కుర్రాడు
రేపు ఆదివారం షాపుకెళ్ళి ఎక్స్చేంజ్ అడుగుతా. 6జె, ఈటీ 45 దొరక్కపోతే 6.5జె, ఈటీ 42 పర్లేదా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
82.5 లోంచి 42 తీస్తే 40.5. పాతదాని కంటే 15, 16 మి.మీ. బయటికి. 195/55 తో కలిపితే సరిహద్దు మీద ఉంటావు. కొనేముందు ఒక్క చక్రం బిగించి, నలుగుర్నీ ఎక్కించి మళ్ళీ పిండి పెట్టి చూడనిస్తారేమో అడుగు. ఒప్పుకోకపోతే 45 దొరికేదాకా ఆగు. ఇంకొకటి: బయట దొరికే రిమ్ముల మధ్య రంధ్రం 73.1 లాంటి పెద్ద సైజుల్లో ఉంటుంది, నీ హబ్ అంతకంటే చిన్నది. ఆ ఖాళీ నింపే సరిపడే హబ్ రింగులు అడిగి మరీ వేయించుకో. లేకపోతే ఒరుపు పోయి వణుకు మొదలవుతుంది.

ఆటోనగర్_బాబాయ్
ఎక్స్చేంజ్‌లో అడ్డగోలుగా కోస్తే ఒప్పుకోమాక. ఆ 7జె లు వేరేచోట అమ్మకానికి పెట్టు, సెడాన్ వాళ్ళు తీసుకుంటారు. బోల్టుల లెక్క, పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం), ఈటీ మూడూ పోస్టులోనే రాయి, లేకపోతే కొన్నవాడు ఇదే ప్రశ్నతో ఇక్కడికొస్తాడు.