శ్వాసపై ధ్యాస పెడితే ఆందోళన పెరుగుతోంది

ఆందోళన సమస్యకు మానసిక వైద్యులు రాసిన ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు నెలలుగా రోజూ ఉదయం టిఫిన్ తరువాత వేసుకుంటున్నాను. పగలు ఎంతో మెరుగ్గా ఉంది కనుక మందు మానే ఉద్దేశం లేదు. వైద్యుల అనుమతితోనే రాత్రి 9:30కు అనులోమ విలోమ ప్రాణాయామం (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి శ్వాసించడం) మొదలుపెట్టాను. అయితే కళ్లు మూసుకుని శ్వాసను గమనించిన మూడు నాలుగు నిమిషాలకే గుండె దడ మొదలై, అరచేతులు చెమటతో తడిసి, గాలి చాలడం లేదనిపిస్తుంది. లేచి వరండాలో నడిస్తే పది నిమిషాల్లో తగ్గుతుంది. కుంభకం (శ్వాస బిగబట్టడం) మానేశాను, తుమ్మెదలా ఝుంకారం చేస్తూ శ్వాస వదిలే భ్రామరికి మారాను, పడుకుని యోగనిద్ర ప్రయత్నించాను, మధ్యాహ్నం తరువాత కాఫీ కూడా ఆపాను. ఆరు వారాలైనా తేడా లేదు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. ఇదే అనుభవం ఎదురైనవారు శ్వాసకు బదులుగా దేనిపై దృష్టి నిలిపి సాధన కొనసాగించగలిగారు?