మా ఊరి పాత గుడి రాళ్లు ఏ కొండవో ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. శివాలయం జీర్ణోద్ధారణలో తీసిన పాత స్తంభాలు, గడప రాళ్లు ప్రహరీ పక్కన పడి ఉన్నాయి. త్వరలో వాటిని కొత్త పునాదిలో వేసేస్తామంటున్నారు. ఆలోపే వాటి సంగతి తేల్చుకోవాలని నా తాపత్రయం.

మా దగ్గర ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుకే తప్ప చిన్న బండ కూడా తగలదు. అయినా తూర్పు చాళుక్యుల కాలంలోనే బిక్కవోలు, ద్రాక్షారామం, సామర్లకోటల్లో అంతంత రాతి గుళ్లు లేచాయి. రాజమండ్రి పరిసరాల్లో ఇసుకరాయి, నల్ల బసాల్టు ఉన్నాయి. తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నొకైట్ అనే గట్టి రాళ్లు ఉన్నాయి. గోదారి మీద పడవల్లో దించి ఉంటారని నా ఊహ. ఈజిప్టులో 2013లో వాది అల్ జర్ఫ్ దగ్గర దొరికిన పపైరస్‌లలో (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితాలు), తురా గనుల సున్నపురాయిని పడవల మీద పిరమిడ్లున్న గీజాకు చేర్చిన రోజువారీ లెక్కే ఉంది. అది సుమారు 4,500 ఏళ్ల నాటిది! మన శాసనాల్లో రాయి రవాణా ప్రస్తావన ఎవరైనా చూశారా?

ఒక స్తంభం ముదురు బూడిద రంగులో ఉంది, తడిపితే కాస్త పచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. వెనక అంచు వెంబడి జానెడు ఎడంతో నలుచదరపు గుంటలు వరుసగా ఉన్నాయి. చీలలు దిగ్గొట్టి బండను చీల్చిన గుర్తులే కదా? వాటి ఆకారాన్ని బట్టి కాలం చెప్పొచ్చా?

రాయి పగలగొట్టకుండా రకం పోల్చుకునే పద్ధతి జియాలజీ చదివినవాళ్లు చెప్పండి. ఫొటోలు ఏ కోణంలో, ఏ కొలతలతో తీయాలి? పురావస్తు శాఖకు అర్జీ రాసిన అనుభవం ఉంటే దయచేసి అదీ చెప్పండి.