నరకణాల్లోని సోడియం ఛానెల్‌ని తెలుగులో కాలువ అందామా, మదుం అందామా?

పర్లాకిమిడి నుంచి మన గుంపుని అడుగుతున్నాను. మా వైపు చెయ్యి వణికినా, కాలు తిమ్మిరెక్కినా, పిల్లలకి ఫిట్స్ వచ్చినా ఒకటే మాట: నరాల బలహీనత. మా అక్క మనవడికి ఆరో నెలలో జ్వరంతో మొదలైంది. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఎడమ చెయ్యీ కాలూ కొట్టుకునేవి. అరగంటైనా ఆగేది కాదు. జన్యు పరీక్షలో ద్రవే సిండ్రోమ్ అని, పసితనంలోనే మొదలయ్యే ఒక మూర్ఛ జబ్బని తేలింది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది, డాక్టరు ఒడియాలో చెప్పారు, అక్కకి తెలుగే వచ్చు. "ఒరే, గుంటడి నరాల్లో బలం లేదనే కదా?" అంది.

కాదు. ఇది నరాలు అదుపు తప్పి చెలరేగే జబ్బు. నరకణం ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి వోల్టేజి బయటికన్నా దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువ. కణం పొరలో సోడియం వెళ్లే సన్నని దారి ఉంటుంది, అదే సోడియం ఛానెల్. అది తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది, సంకేతం పుడుతుంది. ఒక మిల్లీసెకను అటూ ఇటూగా, లోపలివైపు నుంచి బిరడాలాంటి ముక్క పడి దారి మూసుకుంటుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద ఈ తెరుచుకోవడాన్నీ మూసుకోవడాన్నీ లెక్కకట్టారు. బిరడా సరిగా కూర్చోకపోతే సోడియం కారుతూనే ఉంటుంది, నరం ఆగకుండా మోగుతుంది.

కాలువ, వాహిక అంటే ఈ మూసుకోవడం మాటలోకి రాదు. మా చెరువుకి మదుం ఉంది. తలుపెత్తితే నీరు, దించితే బందు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ, జనం నోట లేని మాట పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. సోడియం మదుం అంటే ఎలా ఉంటుంది?

సిరొంచ నుంచి జవాబు:
అన్నా, మా దిక్కు మదుం అంటే ఎరుకలేదు, తూము అంటం. మందుల దుకాణంల పని చేస్త, అందుకే ఒక మాట. ద్రవేల ఎక్కువగ చెడేది ఎస్‌సిఎన్‌1ఎ జన్యువు. దాంతోని కొన్ని తూములు కారుడు కాదు, సగానికి సగం తక్కువైతయి. ఆ తూములు ముఖ్యంగ మిగతా కణాలను ఆపే కణాలల్ల ఉంటయి. చెరువుకాడ నీళ్లు చూసే నీరడి మంచం పట్టినట్టు అనుకోండ్రి.

మళ్లీ పర్లాకిమిడి నుంచి:
తమ్ముడూ, నేను కారడం అని రాసింది మా వాడికి వర్తించదు. అక్క మాటే సగం నిజమన్నమాట. బలం తగ్గింది ఆపే కణాలకి. ఫినిటాయిన్, కార్బమజెపైన్ తూము మూసి ఉంచే మందులు, ఎందరికో ఫిట్స్ తగ్గించినవే. ఆపే కణాల తూములే తక్కువైన ద్రవే పిల్లలకి అవే ఫిట్స్ పెంచగలవు. మా వాడికి మొదట వాటిల్లో ఒకటి రాశారు. ఫిట్స్ రోజు విడిచి రోజు వచ్చేవి. పెద్ద డాక్టరు మందు మార్చాక నెమ్మదించాయి. ఆ మొదటి చీటీ మీద ఉన్నదీ నరాల బలహీనతే.

గుంపులో తూము అనే రాద్దాం, ఎక్కువమందికి తెలుస్తుంది. నీరడి మాట మాత్రం నాకివ్వు. నిన్న అక్కకి అలాగే చెప్పాను. కాసేపు ఊరుకుని, అలమరలోంచి బలం టానిక్కు సీసా తీసి పక్కన పెట్టేసింది.